కొలతల పుస్తకం వెనకవైపు

బావమరిదిని తిట్టుకోని రోజు ఈ తొమ్మిదేళ్లలో చాంపియనుకి ఒక్కటీ లేదు. పైకి తిట్టడు, భార్య ఊరుకోదు. కార్ఖానాలో గుడ్డ కోసేటప్పుడు కత్తెర చప్పుడులో కలిసిపోయేలా తిట్టుకుంటాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చి, కడుపునిండా తిని, "బావా, నీ కొలతల పుస్తకాలు ఒక్క నెల ఇయ్యి, చూసి తెచ్చిస్తాను" అని పదకొండింటినీ సంచిలో వేసుకుపోయాడు ఆ పెద్దమనిషి. ఆ నెల ఇంకా నిండలేదు. అరువిచ్చిన గొడుగైనా వానలు వెలిశాక ఎప్పుడో ఒకప్పుడు గుమ్మంలో కనిపిస్తుంది. చదువుకున్నవాడి చేతికి పోయిన పుస్తకం మాత్రం అంతే సంగతులు.

ఇన్నాళ్లూ అది తిట్టుకుని ఊరుకునే విషయం. పోయిన శుక్రవారం నుంచి కాదు. శుక్రవారంనాడు చదరంగం సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. పదిహేడేళ్ల కూతురు మొన్నటి పోటీలో ఆడిన ఆటల్ని పరీక్ష చేయించారట. ఆమె ఎత్తులకీ, ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఉండే ఆ చదరంగం యంత్రం ఎత్తులకీ నూటికి తొంభైనాలుగు సరిపోయాయట. బల్ల ముందు కూర్చుని దొంగచాటుగా యంత్రాన్ని అడిగి ఆడిందని అనుమానమట. రేపు పొద్దున్న పదింటికి విచారణ. సమాధానం చెప్పుకోలేకపోతే ఆ పిల్ల ఈ జన్మలో మళ్లీ ఏ పోటీలోనూ కూర్చోవడానికి లేదు.

మూడు రోజులయింది, పిల్ల గది తలుపు తియ్యలేదు. తల్లి పళ్లెం గుమ్మం దగ్గర పెట్టడం, పెట్టిన పళ్లెం పెట్టినట్టే తియ్యడం. ఉత్తరానికి ముందు సంఘంవాళ్లు ఒకసారి పిలిచి అడిగినప్పుడు, "ఎవరి దగ్గర నేర్చుకున్నావు?" అన్నారట. "మా నాన్న దగ్గర," అందట. నాన్న ఏం చేస్తాడని అడిగితే, "కుట్టుడు కార్ఖానాలో కటింగ్ మాస్టరు," అందట. వాళ్లు నవ్వలేదట. నవ్వినా బాగుండేది. ఒకరి మొహం ఒకరు చూసుకుని కాగితం మీద ఏదో రాసుకున్నారట.

ఆ రాసుకున్నవాళ్లలో పెద్ద తలకాయ గడియారం. మనిషి పేరు వేరే ఉంది గాని, ఆడేరోజుల్లో చివరి నిమిషందాకా ఎత్తు వేసేవాడు కాదని ఆ పేరు పడిపోయింది. ఇరవయ్యారేళ్ల కిందట చాంపియను ఫైనల్లో ఓడించింది అతన్నే. చాంపియనుకి చాంపియనన్న పేరొచ్చింది ఆ ఒక్క ఆటతోనే. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడు డిగ్రీలవాళ్లందర్నీ కొట్టుకొచ్చాడని అప్పట్లో భుజాల మీద మోశారు. తరవాత దించారు. దించినవాళ్లకి కిందెక్కడ పెట్టామో కూడా గుర్తులేదు. ఇప్పుడు కార్ఖానాలో గుడ్డ కాస్త ఎక్కువ పోతే, "చాంపియన్‌గారు ఎత్తు తప్పారర్రోయ్," అని నవ్వుకోవడానికి తప్ప ఆ పేరు ఎందుకూ పనికిరాదు. గడియారం మాత్రం ఇరవయ్యారేళ్లుగా కనబడ్డవాడికల్లా ఒకటే మాట చెబుతాడు: "ముప్పయ్యో ఎత్తు దాకా నా చేతిలో ఉన్నాడు. మొహం కడుక్కొస్తానని లేచాడు. వేరే మనిషై తిరిగొచ్చాడు." అందని ద్రాక్షపళ్లు పుల్లనే అని చాంపియను కొట్టిపారేసేవాడు. అందరూ అలాగే కొట్టిపారేశారు.

విచారణ ముందురోజు సాయంత్రం నాలుగు కాకముందే చాంపియను బావమరిది ఆఫీసులో ఉన్నాడు. ఏడో అంతస్తు. అందరి ఫోన్లలో ఉన్న ఆ చదరంగం యంత్రాన్ని తయారుచేసింది ఈ ఆఫీసువాళ్లే. మెడలో కొలతల టేపు తియ్యడం కూడా మరిచిపోయి వచ్చాడు. గుమ్మం దగ్గర ఒకమ్మాయి పుస్తకం ముందుకు తోసి, ఎవర్ని కలవాలో, ఏం పనో రాయమంది. బావమరిది పేరు రాసి, పని అన్నచోట చాలాసేపు ఆగి, "పుస్తకాలు" అని రాశాడు. ఆ అమ్మాయి అది చదివి, అమ్మడానికి వచ్చాడనుకుని, ఇక్కడెవరూ కొనరంది.

అద్దాల గదిలో కూర్చోబెట్టారు. గోడంతా తెల్ల పలక, దాని మీద అంకెలు. అద్దం అవతల వరసగా పాతికమంది తెరలకేసి చూస్తూ కూర్చున్నారు, ఒక్కడూ తల ఎత్తడు. కార్ఖానాలో అయితే ఇంతమంది ఒకచోట కూర్చుంటే పక్కవాడి మాట వినపడదు.

బావమరిది వచ్చాడు. నలభై దాటాడు, జుట్టు పల్చబడింది, చేతిలో రెండు ఫోన్లు. "బావా, ఒక్క ఫోను కొడితే నేనే వచ్చేవాణ్ణిగా," అన్నాడు.

"పద్నాలుగుసార్లు కొట్టాను."

బావమరిది కూర్చుని, అక్క ఎలా ఉందన్నాడు. పిల్ల సంగతి తనకీ తెలిసిందన్నాడు, రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదన్నాడు. తెలిసిన మంచి వకీలు ఉన్నాడు, ఇప్పుడే మాట్లాడతానని ఒక ఫోను ఎత్తాడు. వద్దంటే, ఫీజు సంగతి తను చూసుకుంటానన్నాడు. అదీ వద్దంటే, టీ చెప్పనా అన్నాడు.

చాంపియను అతన్నే చూస్తూ కూర్చున్నాడు. ఈ ఆట తనకి తెలుసు, వాడికి ఈ ఆట నేర్పిందే తను. తన పుస్తకంలో ఎప్పుడో రాసుకున్నాడు: మునిగేటట్టుంటే అంచు బంటు ఒకటి విసురు. ఎదుటివాడు తినడానికి ఆగుతాడు. రెండెత్తులు దొరుకుతాయి. రెండెత్తుల్లో ఏమైనా జరగొచ్చు. వకీలు ఒక బంటు, ఫీజు ఒక బంటు, టీ ఒక బంటు. తినడానికి ఆగకూడదు.

"పుస్తకాలియ్యి," అన్నాడు.

ఎందుకు కావాలో కూడా చెప్పాడు. పిల్ల యంత్రం చూసి ఆడలేదు. యంత్రమే తన పుస్తకాలు చూసి నేర్చుకుంది. పిల్ల కూడా తన దగ్గరే నేర్చుకుంది. ఒకే బడిలో చదివిన ఇద్దరు పిల్లలు లెక్క ఒకలాగే చేస్తే చిన్నదాన్ని దొంగంటారా? పుస్తకాలు బల్ల మీద పెడితే చాలు. అవి యంత్రం పుట్టకముందువని గుడ్డివాడికైనా తెలుస్తుంది. ప్రతి కాగితానికీ ముందువైపు ఎవరివో చొక్కా కొలతలుంటాయి, తారీఖుతో సహా. వెనకవైపు చదరంగం ఉంటుంది. కాగితం దండగని అలా రాసుకునేవాడు. కార్ఖానా యజమాని అప్పట్లో ఆ సంగతి తెలిసి, "జేబు కొలత వెనక గుర్రం కొలతా?" అని అందరి ముందూ ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళే ఇప్పుడు పిల్లని గట్టెక్కిస్తుంది.

బావమరిది లేచి అద్దాలకి తెరలు దించాడు. పక్కన తలుపవతల నడవాలో చెత్తబుట్టంత పెట్టె ఒకటి గుర్రుమంటోంది. దానికేసి ఒకసారి చూసి తలుపు కూడా వేశాడు.

"అవి లేవు బావా," అన్నాడు.

"ఇంట్లో ఉన్నాయా?"

"ఎక్కడా లేవు. యంత్రం బజారులోకి వెళ్లేముందు పైనుంచి చెప్పారు, చేతిరాతలు ఏమున్నా ఉంచొద్దని. రేపెవడైనా వచ్చి ఇది నాది అంటాడని వాళ్ల భయం. అందరూ తెచ్చి నడవాలో ఆ గుర్రుమనే పెట్టెలో వేశారు. నేనూ వేశాను."

చాంపియనుకి వెంటనే బుర్రకెక్కలేదు. మిషనంటే అతనికి తెలిసింది కుట్టేదే. చింపడానికి కూడా మిషనుంటుందని, దానికి కరెంటు పెట్టి, ఒక మనిషిని పెట్టి చింపిస్తారని అతనికి ఎవరు చెప్పారు? చింపింది ఎనిమిదేళ్ల కిందట. ఈ ఎనిమిదేళ్లూ ఎప్పుడడిగినా "పనిలో ఉన్నాను బావా, ఈ నెలాఖరుకి తెస్తాను" అంటూనే ఉన్నాడు. లేని పుస్తకాలకి తొంభైఆరు నెలాఖర్లు.

చాంపియను బల్ల అంచు పట్టుకున్నాడు. కొట్టడానికి లేచాడనుకుని బావమరిది కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. నిజానికి అతను లేవలేదు, లేచే ఓపిక లేదు. ఇరవయ్యేళ్ల వయసులో మొదలుపెట్టాడు ఆ పుస్తకాలు. పగలంతా నిలబడి గుడ్డ కోసి, కాళ్లు వాచి ఇంటికొచ్చి, ఆడిన ప్రతి ఆటా కొలిచి రాసుకున్నాడు. అక్షరాలా కొలిచే. బడిలో నేర్చుకున్న లెక్క తక్కువ, చేతికి తెలిసిన లెక్క అంగుళాలే. బంటు అంగుళం. అంచు వరసలో బంటయితే ముప్పావు అంగుళం. గుర్రం మూడుంపావు, మూల నిలబెడితే రెండున్నర. ఏనుగు ఐదు. రాజు ముందున్న బంటు తొందరపడి కదిలితే అరపావు అంగుళం కోత. ప్రతి ఆట చివరా తను పోగొట్టుకున్నది ఎంతో కింద గీత గీసి రాసేవాడు.

"అయితే దీంట్లోంచి తియ్యి," అన్నాడు చివరికి, బల్ల మీదున్న తెరని చూపించి. "నా పుస్తకాలు దీనికి తాగించావుగా. కక్కించు."

బావమరిది తెర అతని వైపు తిప్పాడు. ఏవో నొక్కాడు. తెల్లటి తెర మీద అంకెలు బారులు తీరాయి.

మెల్లగా విడమరిచి చెప్పాడు. బావ ఎదుట అతని గొంతు ఎప్పుడూ బడి పిల్లాడి గొంతే. యంత్రం చేసేవి రెండే పనులు. ఇది వేస్తే అది వేస్తాడు, అది వేస్తే ఇది వేస్తానని పద్నాలుగు ఎత్తుల దాకా ముందుకి చూస్తుంది. అది దాని కండబలం, ఏ యంత్రమైనా చేస్తుంది. చూసి చూసి ఆగినచోట, ఇది బాగుందా, బాగాలేదా, ఎంత బాగుంది అన్నది మాత్రం ఎవరో చెప్పాలి. మనిషి చెప్పాలి. ఆ చెప్పిన మనిషి చాంపియను.

"బంటు వంద అనుకున్నాం బావా. ఇదిగో, అంచు బంటు డెబ్భైఅయిదు. గుర్రం మూడొందల పాతిక. ఇదిగో, రాజు ముందు బంటు కదిలితే తగ్గేది చూడు."

అక్కడ పన్నెండున్నర అని ఉంది.

"పది అనో పదిహేననో రాస్తారు ఎవరైనా. పన్నెండున్నర ఎవడు రాస్తాడు, అంగుళంలో ఎనిమిదో వంతు చూసినవాడు తప్ప. మా వాళ్లు ఎన్నిసార్లు సరిచెయ్యబోయారో. సరిచేసినప్పుడల్లా ఓడిపోయేది. నీ అంకె మళ్లీ పెడితే గెలిచేది."

చాంపియను తెర దగ్గరికి వంగాడు. తన కొలతలు. తన చేతి పెన్సిలుతో, నాలికతో తడిపి రాసిన కొలతలు, ఎవరి చెయ్యీ అంటనట్టు శుభ్రంగా నిలబడి ఉన్నాయి. తన కూతురు కూడా ఇవే కొలతలతో పెరిగింది. ఆరేళ్లప్పుడు దాని వేలు పట్టుకుని, టేపు మీద మూడుంపావు చూపించి, ఇదీ గుర్రమమ్మా అన్నాడు.

"ఇదే రేపు వచ్చి చెప్పు," అన్నాడు. "ఈ పన్నెండున్నర ఒక్కటి చెప్పు చాలు. నీ కాళ్లు పట్టుకుంటాను."

పట్టుకోబోయాడు కూడా. బావమరిది లేచి రెండు చేతులూ పట్టుకుని కూర్చోబెట్టాడు.

చెప్పకూడదన్నాడు. లోపలి అంకెలు బయటపెడితే ఆ క్షణానే ఇంటికి పంపిస్తారు, మళ్లీ ఎవరూ తీసుకోరు. అది పోనీ, తెగించి వచ్చినా ఎవరు నమ్ముతారు? మేనకోడల్ని కాపాడుకోవడానికి మేనమామ అబద్ధమాడుతున్నాడంటారు. అంకెలు నిన్న రాత్రి మార్చాడంటారు.

"అంతేనా?" అన్నాడు చాంపియను. ఎందుకన్నాడో అతనికే తెలియదు. అవతలివాడు తప్పించుకునే ఎత్తులన్నీ అయిపోయాక కూడా చెయ్యి ఇంకా బల్ల మీదే ఆడిస్తుంటే, లోపల ఇంకోటేదో ఉందని లెక్క.

బావమరిది కిటికీ దగ్గరికెళ్లాడు. "ఆ ఉత్తరం ఉందా?" అన్నాడు.

చాంపియను జేబులోంచి తీశాడు. మూడురోజులుగా ఎన్నిసార్లు విప్పాడో, మడతల దగ్గర చిరుగుతోంది. కింద సంఘం ముద్ర, గడియారం సంతకం. దానికి జతచేసిన పరీక్ష కాగితం మీద సంతకం లేదు. పరీక్ష చేసేవాడి పేరు రాయరు, పరీక్షకి వచ్చే ఆట మీద ఆడినవాళ్ల పేరూ రాయరు. మొహమాటాలు పనికిరావని పద్ధతి అలా పెట్టుకున్నారు. ఆట ఒక నంబరు, మనిషి ఒక నంబరు. ఆ కాగితం చివర ఇలా ఉంది: "ముప్పయ్యొకటో ఎత్తు దగ్గర అంచు బంటుని ఊరికే విసిరెయ్యడం మనుషులు చేసే పని కాదు. నష్టాన్ని తను చూడగలిగినంత దూరం దాటించేసి, తప్పిపోయిందనుకునే జబ్బు యంత్రాలది. మిగతా యంత్రాలకి ఆ జబ్బు నయం చేశారు. ఈ ఎత్తు వేసే యంత్రం ఇప్పుడు లోకంలో ఒక్కటే. పరీక్షకుడు, నంబరు ఏడు."

"ఏడు నేనే బావా," అన్నాడు బావమరిది.

అద్దం అవతల ఎవరో నవ్వారు. ఎక్కడో ఫోను మోగి ఆగింది.

సంఘంవాళ్లు అనుమానం ఉన్న ఆటల్ని యంత్రం చేసినవాళ్లకే పంపుతారు, వాళ్లకంటే బాగా ఎవరికి తెలుస్తుందని. ఆ నెల వంతు తనది. వరసగా పద్దెనిమిది ఆటలొచ్చాయి. పదకొండో ఆట ముప్పయ్యొకటో ఎత్తు దాకా వచ్చి ఆగిపోయాడు. అంచు బంటు. పేరు లేకపోతేనేం, అన్నాడు. ఆ బంటుని అలా విసిరే చెయ్యి తనకి తెలుసు. చిన్నప్పుడు అక్కగారి ఇంట్లో బావ ఎదురుగా కూర్చుని, ఆ బంటు తినీ తినీ ఓడిపోయినవాడు తను. అది బావైనా కావాలి, బావ నేర్పిన పిల్లైనా కావాలి.

"తెలిసే రాశావా?" అన్నాడు చాంపియను.

"ఇది యంత్రం కాదు, మా బావ అని రాస్తే, మీ బావ ఎత్తు మీ యంత్రంలోకి ఎలా వచ్చిందని అడుగుతారు. చించిన పుస్తకాల దగ్గరికి వెళుతుంది. అనుమానం వరకేగా, విచారణలో పిల్ల ఎలాగో బయటపడుతుందిలే అనుకున్నాను. ఇవాళ కాకపోతే రేపు చూసుకోవచ్చనుకున్నాను." ఉత్తరం మడిచి బావ చేతికిచ్చాడు. "నీ రూలే బావా. రెండెత్తులు దొరుకుతాయి కదా అనుకున్నాను."

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తన్నెవరూ చూడలేదనుకుంటుంది. ఈ పిల్లి తాగింది పాలు కాదు, మేనకోడలి బతుకు. చాంపియనుకి నోట్లో చాలా మాటలు వచ్చాయి, అన్నీ కత్తెర చప్పుడు మాటున అనుకున్నవే. ఇక్కడ కత్తెర లేదు. ఒక్కటీ బయటికి రాలేదు. నువ్వు విసిరిన బంటు నా పిల్లరా అని మాత్రం అన్నాడు, అదీ ఎవరికీ వినపడనంత చిన్నగా.

బావమరిది విన్నాడు. వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. వెనక జేబులోంచి పర్సు తీసి, అందులో అట్టడుగు అరలోంచి ఒక కాగితం బయటికి లాగాడు. అగ్గిపెట్టె అంత. విప్పాడు, మళ్లీ విప్పాడు, మళ్లీ విప్పాడు. ఎనిమిది గళ్ల మడతలతో పాత గీతల కాగితం ఒకటి బల్ల మీద పరుచుకుంది.

"చింపే రోజున మూడో పుస్తకంలోంచి జారిపడింది. అప్పటికే చించి, మడిచి ఉంది. ముందువైపు చూసి ఉంచుకున్నాను."

ముందువైపు చాంపియను చేతిరాత. ఛాతీ ముప్పయి, భుజం పదిహేను, చెయ్యి ఇరవైరెండు, కాలరు పదమూడు. చొక్కా, తెలుపు, బావమరిదికి. కూలి: లేదు. కింద తారీఖు. ఫైనలు చూడటానికి వేసుకు రావాలని మారాం చేస్తే, ఫైనలుకి రెండు రోజుల ముందు కుట్టిచ్చిన చొక్కా.

చాంపియను కాగితం తిప్పలేదు. తిప్పక్కర్లేదు. వెనకవైపు ఏముందో ఇరవయ్యారేళ్లుగా కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. గడియారం ఎప్పుడూ ఆడే ఆటే ఆడతాడని తెలిసి, ముప్పయ్యో ఎత్తు దాకా గుడ్డ బల్ల మీద పావులు పెట్టుకుని రెండు రాత్రులు కొలిచాడు. ముప్పయ్యొకటి: అంచు బంటు విసురు. ఆ తరవాత ఏడెత్తులు. బొమ్మతో సహా వేసుకున్నాడు. ఆటరోజు పొద్దున్నకి భయంతో ఒక్కటీ గుర్తులేదు. కాగితం చించి ఎనిమిది గళ్లుగా మడిచి, తన చొక్కా చేతి పట్టీ లోపల చిన్న దొంగజేబు కుట్టి అందులో పెట్టాడు. ముప్పయ్యో ఎత్తు కాగానే మొహం కడుక్కొస్తానని లేచాడు.

ఒక్కసారే చూశాడు. ఒక్కసారి చాలింది.

"నాకప్పుడే అర్థమైంది బావా," అన్నాడు బావమరిది. "ఎనిమిదేళ్లయింది. అక్కకి కూడా చెప్పలేదు. అది నీకు అవమానమని కాదు. ఆరోజు ఆ తెల్ల చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టిందే నేను బతుకులో చూసిన గొప్ప రోజు. అది పోతే నాకేం మిగులుతుంది?"

ఇద్దరూ ఆ కాగితానికేసి చూస్తూ కూర్చున్నారు. ఇద్దరూ ఆట తెలిసినవాళ్లే. రేపు ఈ కాగితం బల్ల మీద పడితే పిల్ల బయటపడుతుంది. యంత్రం పుట్టడానికి పదిహేడేళ్ల ముందు, పిల్ల పుట్టడానికి తొమ్మిదేళ్ల ముందు, అదే బంటు, అదే ఎత్తు, తండ్రి చేతిరాతలో, తారీఖుతో ఉంది. కాని కాగితం అందుకునేది గడియారం. ఆ బొమ్మ చూడగానే ఆ బంటుని తిన్న తన చెయ్యి గుర్తొస్తుంది. తారీఖు చూస్తాడు. మడతలు లెక్కపెడతాడు. పుస్తకంలో ఉండాల్సిన కాగితం ఇంత చిన్న మడత ఎందుకు వేశావని అడుగుతాడు. మొహం కడుక్కోవడానికి ఎంతసేపు పట్టిందని అడుగుతాడు. దొంగ కాదని నిరూపించుకోవడానికి వచ్చిన పిల్లకి దొంగ కూతురన్న పేరు మిగులుతుంది.

"ఇక్కడే ఉంచమంటే ఉంచుతాను," అన్నాడు బావమరిది. "తీసుకెళతానంటే తీసుకెళ్లు. నేను మాత్రం ఏడో నంబరు ఎవరో చెప్పలేను బావా. నన్ను అడక్కు."

చాంపియను కాగితాన్ని పాత మడతల మీదే మళ్లీ మడిచాడు. వేళ్లు వాటంతటవే దారి తెలిసినట్టు మడిచాయి. చేతి పట్టీ వైపు వెళ్లాయి. అక్కడ ఇప్పుడు జేబు లేదు. పిడికిట్లో పెట్టుకుని లేచాడు. మెడలో టేపుందని గుమ్మం దగ్గర అమ్మాయి చెబితే గాని తెలియలేదు.

బస్సులో వెనక సీట్లో కూర్చుని, దారి పొడుగునా లెక్కేసుకున్నాడు. చూపిస్తే తన పేరు పోతుంది. చూపించకపోతే పిల్ల పోతుంది. ఇందులో కొలవడానికేముంది, కన్నవాడెవడైనా తడుముకోకుండా చెప్పే లెక్క ఇది. మరి చెయ్యి కిటికీ వైపు ఎందుకు పోతోంది? కిటికీలోంచి ఊరికే జారవిడిస్తే గాలికి పోయే కాగితం. ఒక్కసారి కాదు, మూడుసార్లు కిటికీ దాకా తీసుకెళ్లాడు ఆ పిడికిలిని. పుస్తకాలు లేవు, ఏమీ దొరకలేదు, మీ తమ్ముడు చింపేశాడని భార్యతో అంటే చాలు. అబద్ధం కూడా కాదు. తప్పంతా బావమరిది మీదికే పోతుంది. తొమ్మిదేళ్లుగా అలవాటైన తిట్టే కదా.

నాలుగోసారి కిటికీకి చెయ్యి వెళ్లకముందే దిగాల్సిన చోటు వచ్చేసింది.

ఇంటి తలుపు తీసే ఉంది. భార్య మేడ మీద బట్టలు తీస్తున్నట్టుంది, అడుగుల చప్పుడు పైనుంచి వినిపిస్తోంది. ముందుగదిలో దీపం కింద కూతురు నిలబడి ఉంది. మూడురోజుల తరవాత బయటికొచ్చింది. జుట్టు చిక్కులు పడి, కళ్లు లోతుకి పోయి, తండ్రి కుట్టిన పాత గౌను వేసుకుని, పెద్దదానిలా ఉంది.

"మామయ్య దగ్గరికెళ్లావని అమ్మ చెప్పింది," అంది. "దొరికాయా?"

"ఏమైనా తిన్నావా?" అన్నాడు చాంపియను.

"తిన్నాను."

"మంచినీళ్లు తెచ్చిపెట్టమ్మా, గొంతు ఆరిపోయింది."

తెచ్చింది. తాగాడు. గ్లాసు ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూశాడు. బయట ఉక్కగా ఉంది కదా అన్నాడు. రేపు ఏ బస్సుకి వెళితే పదింటికి అందుకుంటామని అడిగాడు.

కూతురు అతని మొహం చూడటం లేదు. చేతిని చూస్తోంది. పిడికిలి మూసి ఉన్న చేతిని.

"నాన్నా," అంది, "బంటు విసరకు. ఎన్ని దొరికాయి?"

చెయ్యి చాచి నిలబడింది.

పైన అడుగుల చప్పుడు మెట్ల దాకా వచ్చి ఆగింది. చాంపియనుకి ఇంక వెయ్యడానికి ఎత్తు లేదు. కాని లెక్క ఉంది. లెక్కయినా పూర్తిగా చెప్పాలి కదా, ఎంత పోయిందో కింద గీత గీసి రాసే మనిషి.

"పదకొండు పుస్తకాలమ్మా," అన్నాడు. "పుస్తకానికి వంద కాగితాలు. పోయినవి వెయ్యీ తొంభైతొమ్మిది."